బాతెల్ వంతెనకి రష్యా ఎం.పీ.

నియోజకవర్గం అనేది నేల మీద ఉండేది కాదు. కమిటీ గదిలో, టీ చల్లారేలోపు తయారయ్యే సరుకు అది. ఈ సత్యం అమెరికాలోని బాతెల్‌లో కిరాణా కొట్టు నడిపే గౌరీశంకర్‌కి ఒక రష్యన్ కస్టమర్ వల్ల బోధపడింది.

ఆవిడ పేరు గలీనా. పళ్ల డాక్టరుగా చేసి రిటైరయింది. వారం వారం కందిపప్పు కోసం వస్తుంది. (తమ బఠాణీల కంటే మర్యాదగా ఉడుకుతుందట.) రష్యా పాస్‌పోర్టు వదులుకోలేదు గనుక అక్కడ ఓటుంది. విదేశాల్లో ఉన్న ఓటర్లను అక్కడి నియోజకవర్గాలకు తలా కాస్త కలుపుతారు. తూకానికి తగ్గిన బస్తాలో ఇంకో రకం బియ్యం పోయడం గౌరీశంకర్ ఎరగని విద్యేమీ కాదు కాబట్టి, ఇందులో ఆయనకి వింత కనిపించలేదు.

మొదట్లో బాతెల్, రష్యాలో గలీనా చెల్లెలు వేరా ఉండే ఊరు ఒకే నియోజకవర్గం. ఆ ఊరి వంతెన కూలిపోయింది. వేరా పడవ మీద ఆస్పత్రికి వెళ్తోంది. నది గడ్డకట్టడం మొదలైతే అదీ ఉండదు. గలీనా అర్జీల మీద అర్జీలు పెట్టింది. అంతలో సరిహద్దుల సర్దుబాటు ఉపసంఘం కూర్చుని, నది మధ్యగా గీత గీసింది. వేరా ఊరు ఇవతలి ఒడ్డు నియోజకవర్గానికి, బాతెల్ అవతలి ఒడ్డు నియోజకవర్గానికి పడ్డాయి. వంతెన ఇద్దరు ఎం.పీ.లకి చెరిసగం వచ్చింది. (సగం వంతెన కట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు.)

గలీనా కొత్త ఎం.పీ.కి రాసింది. వెంటనే జవాబొచ్చింది. దాన్ని ఫోన్‌లో చూపించడానికి కొట్టుకి వచ్చింది.

"చదువుతాను విను, గౌరీ. 'మీ చెల్లెలు నా ఓటరు కారు. మీరు నా ఓటరు. మీ దగ్గర్లోని వంతెన ఎలా ఉందో ఫోటో పంపండి.' ఏం చేయను? బేరాలు నీకే కదా తెలుసు."

"పంపండి మేడమ్! శాంపిల్ అడిగాడంటే ఆర్డర్ ఇస్తాడన్నమాట. మన వంతెన చూపించి, అచ్చం ఇలాంటిదే కావాలని రాయండి."

లోపల చింతపండు ప్యాకెట్లు సర్దుతున్న భార్య బిందుమాధవి ఊరుకోలేదు. "ఏవండీ, ఇక్కడ గ్రీన్ కార్డుకి ఓటు లేదు. ఇండియాలో మీ నియోజకవర్గం డీలిమిటేషన్‌లో కొట్టుకుపోయింది. మీరు రష్యాకి సలహాదారా?"

"ఓటుతో పనేమిటే? బిజినెస్ సెన్స్ ఉంటే చాలు."

ఆదివారం గలీనా, గౌరీశంకర్ ఇద్దరూ బాతెల్‌లోని నది మీది వంతెన దగ్గరికి వెళ్లారు. సైజు తెలియాలని గౌరీశంకర్ రెయిలింగ్ పక్కన నిలబడ్డాడు. సరుకు చూపించేటప్పుడు నవ్వడం అలవాటు గనుక నవ్వాడు కూడా. గలీనా ఫోటో తీసి, "మా నదికి ఇలాంటిది కావాలి" అని రాసి పంపింది.

నెల తిరిగేసరికి ఎం.పీ. గారి ప్రగతి నివేదిక వెలువడింది. గలీనా కొట్టుకి వచ్చి ఫోన్‌లో చూపించింది. మొదటి పేజీలో బాతెల్ వంతెన. నియోజకవర్గంలోని వంతెనల పరిస్థితి: ఉత్తమం. ఫోటో కింద గౌరీశంకర్ గురించి ఒక మాట: సంతృప్తి చెందిన స్థానిక ఓటరు.

"పోనీలెండి," అంది బిందుమాధవి, "ఎక్కడో ఒకచోట మీకూ ఓటొచ్చింది."

గౌరీశంకర్ నవ్వబోయి గలీనా ముఖం చూసి ఆగిపోయాడు. ఆవిడ ఫోన్‌లో చెల్లెలి మెసేజ్ చదివి వినిపించింది.

"అక్కా, మీ వంతెన మా పేపర్లో పడింది. చాలా బాగుంది. ఇక్కడ ఇవాళ్టి నుంచి పడవలు ఆపేశారు."