మా ఊరి నేపథ్య ధ్వని

మా తర్ఫా గ్రామంలో శబ్దమనేది లేదని పర్యావరణ కార్యాలయం ధ్రువపత్రం ఇచ్చింది. దాన్ని అద్దం కట్టించి కంకర మిల్లు గేటుకు తగిలించారు. చదవదలచినవాళ్లు చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లి చదువుతారు.

కరక్ నగరపు శబ్ద నియంత్రణ చట్టం నగరం బోర్డు దగ్గర ఆగిపోతుంది. పెళ్లి ఊరేగింపులు ఆ బోర్డు దాకా పెద్దమనుషుల్లా వచ్చి, దాటగానే హారన్ల మీద పడతాయి. నిశ్శబ్దం నగరవాసుల హక్కు. మాకు మాత్రం అది భూమిలోని సున్నపురాయి లాంటిది. ఎవరైనా వచ్చి తవ్వుకుపోవచ్చు. మూడేళ్ల క్రితం మిల్లు వచ్చింది. ఆనాటి నుంచి పగలూ రాత్రీ ఆగలేదు. ఇంతటి నిలకడ మా ఊళ్లో మరి దేనికీ లేదు.

ఇబ్బంది పడ్డది అబూ దైఫుల్లా ఒక్కడే. ఆయన రోజూ సాయంకాలపు అసర్ నమాజు కాగానే కాఫీ గింజలు వేయించి, చెక్క రోట్లో పోసి, పొడుగాటి రోకలితో దరువు వేసి దంచుతాడు. ఆ దరువే పిలుపు. విన్నవాడు రావాలి, విని రానివాడు ఆయన గుమ్మాన్ని అవమానించినట్టు. నలభై ఏళ్లు ఆయన చావడిలో పరుపు ఖాళీగా లేదు. మిల్లు వచ్చాక ఒక్కరూ రాలేదు. ఆయన మానలేదు. రోజూ దంచుతాడు, రోజూ గుమ్మం వైపు చూస్తాడు, చల్లారిన కాఫీ భార్య పారబోస్తుంది.

"బాబాయ్, అందరికీ మెసేజ్ పెట్టకూడదూ?" అన్నాను ఒకసారి, వీధిలో ఎదురుపడితే.

"మెసేజ్ చూసి వచ్చేవాడు పనుండి వస్తాడురా. రోలు విని వచ్చేవాడే చుట్టం," అన్నాడు. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి, "నిజం చెప్పు, మీ ఇంట్లోకి బొత్తిగా వినబడదా?"

"ఒట్టు బాబాయ్. ఈ మిల్లు గోలలో ఎక్కడ వినబడుతుంది?"

ఆయన ముఖం తేటపడింది. సాయంత్రం అరగంటసేపు మిల్లు ఆపించమని అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ పెట్టిన ఏడు నెలలకే పర్యావరణ కార్యాలయం నుంచి ఇంజనీరు బుర్హాన్ గారు కొలిచే యంత్రంతో దయచేశారు. యంత్రం ఎనభై ఒక్క డెసిబెల్లు చూపింది.

"నిన్న కూడా ఇంతేనా?"

"ఇంతే."

"మొన్న?"

"మూడేళ్లుగా ఇంతే బాబూ."

"అయితే అది శబ్దం కాదు హాజీ, నేపథ్యం. గ్రామీణ ప్రాంతాల్లో నేపథ్యాన్ని మించినదే శబ్దమని నిబంధన. ఏదీ, మీ రోలు దంచండి."

అబూ దైఫుల్లా చెమటలు కారేలా దంచాడు. ముల్లు కదల్లేదు. గాడిదను ఓండ్ర పెట్టించారు, పిల్లల చేత అరిపించారు, అయినా కదల్లేదు. ఊళ్లో నేపథ్యాన్ని మించినది ఏదీ లేదని రుజువైంది.

"మా ఆయన పిచ్చి కూడా మూడేళ్లుగా ఇంతే నాయనా. దాన్నీ నేపథ్యం కింద రాసుకో," అంది ఆయన భార్య ఉమ్ దైఫుల్లా.

ధ్రువపత్రం అలా వచ్చింది.

పోయిన నెల మిల్లులో రాళ్లు నలిపే ఇనప దవడ విరిగింది. కొత్తది అకబా రేవులో దిగాలి, పన్నెండు రోజులు పడుతుందన్నారు. మొదటిరోజు మాకందరికీ జబ్బు చేసినట్టయింది. మా ఆవిడ ఊపిరి తీయడం వినబడింది. నేను నాలో అనుకునే మాటలు కూడా ఆమెకు వినబడతాయేమోనని భయం వేసి బయట కూర్చున్నాను.

సాయంత్రం రోలు మోగింది. ఊళ్లోని మిగతా పదకొండు ఇళ్లలోనూ ప్రతి దెబ్బా విడివిడిగా వినబడింది. ఆ వెంటనే పదకొండు ఇళ్లలోనూ టీవీలు పెద్దగా మోగాయి.

నాలుగు రోజులు అదే వరస. అయిదో రోజు పరిమితిని మించిన శబ్దం గురించి మేమంతా కలిసి ఫిర్యాదు రాశాం. ఇంజనీరు గారు మర్నాడే వచ్చేశారు. నిశ్శబ్దమైన నేపథ్యం మీద రోలు ముప్ఫై రెండు ఎక్కువ చూపింది. చట్టం మొట్టమొదటిసారి మా ఊళ్లో పనిచేసింది.

ఆయన ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ కాబట్టి మా ఇంట్లోకి అంతా వినబడుతుంది.

"ఫిర్యాదు వచ్చిందా? అంటే వినబడుతోందన్నమాట!" అన్నాడు అబూ దైఫుల్లా. గొంతులో పండగ. "ఒసేయ్, విన్నావా? వినబడుతోందట! ఎంతమందికి బాబూ?"

"పేర్లు చెప్పకూడదు హాజీ. సంతకాలు పదకొండు."

తర్వాత ఇంజనీరు గారికి కాఫీ పోసిన చప్పుడు. మూడేళ్లలో ఆ గుమ్మం తొక్కి కాఫీ తాగిన అతిథి ఆయనొక్కడే. తాగాక రోకలికి తీగ చుట్టి లక్క ముద్ర వేసి వెళ్లారు.

వినబడక రావడం లేదని ఆయన నమ్మినన్నాళ్లూ మేమంతా చాలా మంచివాళ్లం.

ఆ రాత్రే ఇంకో అర్జీ రాశాం, మిల్లును తక్షణం బాగుచేయించి మా నేపథ్యాన్ని మాకు తిరిగి ఇప్పించమని. మొదటి సంతకం నాది. మీ ఊళ్లో ఏ మిల్లు తిరుగుతోందో నాకు తెలియదు. అది చెడిపోకుండా చూసుకోండి.