ముకోమ ఇంగ్లీషు

బంగ్వేలు సరస్సు ఒడ్డునున్న ముకోమ జిల్లాలో సోమవారం నుంచి ప్రతి ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడాలని కమిషనర్ కపంబ్వేగారు మైకులో ప్రకటించారు. ఎవరింట్లో ఏ భాష నడుస్తోందో, ఎవరికి ఇంగ్లీషు ఏ మాత్రం వచ్చో ఈసారి జనాభా లెక్కల్లో అడుగుతారని రాజధాని నుంచి కబురొచ్చింది. దేశం మొత్తమ్మీద ముకోమే ముందుండాలని కమిషనర్‌గారి సంకల్పం. ఇంట్లో ఊరివాళ్ల సొంత భాష బెంబా వినబడిందా, వారంపాటు సంతలో చేపలమ్మడం బంద్. ప్రకటన మాత్రం మహానుభావుడు బెంబాలోనే చేశారు. లేకపోతే ఎవరికీ అర్థం కాదు.

మొదట దొరికిపోయింది బానా కలుబ, అంటే కలుబ వాళ్లమ్మ. ఎండుచేపలమ్ముకుని బతికే ముసలావిడ. ఆరబెట్టిన చేపల్లో మూతి పెట్టిన మేకను బెంబాలో తిట్టింది.

"మేకకి ఇంగ్లీషు రాదయ్యా," అని మొరపెట్టుకుంది.

కమిషనర్‌గారు న్యాయంగా ఆలోచించారు. "మేక మీ ఇంటిదేనా?"

"మా ఇంటిదే."

"అయితే నేర్పించు."

ఆ వారం ఆవిడ చేపలకు పురుగు పట్టింది. ఆవిడ ఉప్పు నంజుకుని సంకటి తింది.

దాంతో ఊరు నోరు మూసుకుంది. తాగొచ్చిన మొగుణ్ని కడిగెయ్యాలని పెళ్లానికి ఉంటుంది గానీ దానికి తగ్గ ఇంగ్లీషు ఉండదు. తగాదాలు లేక కోర్టు గుమాస్తా కునికిపాట్లు పడ్డాడు. కమిషనర్‌గారి భార్య కూడా ఒక "ఎస్"తో వడ్డించి, ఒక "నో"తో గిన్నెలు తీసేసేది. కాపురంలో ఇంత సుఖముందని ఆయనకు ఇన్నేళ్లూ తెలియలేదు. ఇంగ్లీషు వల్ల జిల్లాలో శాంతి నెలకొన్నదని రాజధానికి రాశారు. ఆ శాంతిని కళ్లారా చూడాలని మంత్రిగారే బయల్దేరి వచ్చారు.

సరస్సు ఒడ్డున బురద ఇసుకలో వేదిక కట్టారు. సాయంత్రం పొద్దు పడమటికి వాలింది. కమిషనర్‌గారు ఉపన్యాసం ఎత్తుకోగానే వేదిక వెనకకాలు ఇసుకలోకి దిగడం మొదలుపెట్టింది. చూసింది బానా కలుబ ఒక్కతే. గభాల్న లేచి నిలబడింది.

"గుడ్ మార్నింగ్, సర్," అంది.

కమిషనర్‌గారి ముఖం వికసించింది. "చూశారా సార్, మా ముసలమ్మలు సైతం," అన్నారు మంత్రిగారితో.

కాలు ఇంకాస్త దిగింది. ఆవిడ వేదిక దగ్గరికి పరుగెత్తి, కిందికి చెయ్యి చూపిస్తూ, "గుడ్ మార్నింగ్! గుడ్ మార్నింగ్!" అని గొంతు చించుకుంది. మంత్రిగారు ముచ్చటపడి, లేచి, వేదిక అంచుదాకా వచ్చి చెయ్యి ఊపారు. జనం చప్పట్లు కొట్టారు.

వేదిక కూలింది. బురదలో పడుతూ పెద్దలిద్దరూ ఒక్క గొంతుతో, అచ్చమైన బెంబాలో, వాళ్లమ్మల్ని తలుచుకున్నారు.

దెబ్బలేం తగల్లేదు. కమిషనర్‌గారు మీసాల బురద తుడుచుకుంటూ, ఆ బెంబాలోనే ముసలావిడ మీద విరుచుకుపడ్డారు. "పడిపోతోందని ఒక్క ముక్క చెప్పకూడదా, పెద్దమ్మా?"

ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"చెప్పాను కదయ్యా. నాకొచ్చిన ఇంగ్లీషంతా చెప్పేశాను."