అడవిలో షామియానా

అమీర్‌పేటలో మా పై అంతస్తులో జావా నేర్పుతారు. కింది అంతస్తులో ఒరాకిల్ నేర్పుతారు. మధ్యలో మా పిన్ని ఛాయాదేవి పెసరట్లు వేస్తుంది. సాయంత్రం క్లాసులో చేరాలని ఆమెకు ఎంతో ఆశ.

"రాత్రి వంట ఎవరు చేస్తారు? నాకు నీళ్లు కాచడం కూడా రాదే!" అంటాడు బుచ్చిబాబు బాబాయి.

ఆ ఆశ మరిపించడానికి ఆయనొక ఎత్తు వేశాడు.

"నర్సాపూర్ అడవిలో, చెరువు పక్కన, గుడారంలో ఒక రాత్రి! నువ్వు గరిటె ముట్టుకుంటే ఒట్టు. బిర్యానీ పొట్లాలు పట్టుకెళ్దాం."

పిన్ని కంటే ముందు నేను గంతేశాను. కాలేజీ చదువుకని ఊరి నుంచి వచ్చాక నేను చూసిన పచ్చదనం ట్రాఫిక్ లైటు ఒక్కటే.

గుడారం కోసం బాబాయి పంజాగుట్టలో పెళ్లిళ్లకు సామాను అద్దెకిచ్చే ఓదెలును పట్టుకున్నాడు.

"ఇంతకన్నా చిన్నది లేదా?"

"గిదే చిన్నది సార్. ఫికర్ చెయ్యకుండ్రి, కుర్చీలు, వంట గంజులు సుత తెస్త."

చెట్ల సందుల్లో చెరువు మెరవగానే నాకు ఊపిరాగినంత పనైంది. అంతలో ఎర్ర షామియానా లేచింది. ఓదెలు అలవాటుగా కుర్చీలు వరసగా వేశాడు. చెరువు దగ్గర పిక్నిక్‌కి వచ్చినవాళ్లంతా పెళ్లనుకుని ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

"పెళ్లికొడుకు ఏడి?" అని ఒక పెద్దాయన అడిగాడు.

ఆయనకు జవాబు చెప్పేలోగా కోతులు బిర్యానీ పొట్లాలతో చెట్టెక్కాయి.

"ఛాయా! ఇప్పుడెలా?"

"నేను గరిటె ముట్టుకోకూడదుగా," అంది పిన్ని, ముందు వరస కుర్చీలో కూర్చుని.

"సార్, అందరు మిమ్మల్నే చూస్తుండ్రు," అన్నాడు ఓదెలు.

కూర్చున్నవాళ్లే తమ బియ్యం, పప్పు, టమాటాలు ఇచ్చారు. బాబాయి పాంటు పైకి మడిచాడు. గంజు నిండా కిచిడీ ఉడికింది. ఆ వాసనకు కోతులు కూడా బిర్యానీ తినడం ఆపి కిందికి చూశాయి.

"మస్తుగుంది! యాడ నేర్చిండ్రు సార్?"

బాబాయి ఛాతీ పొంగింది.

"పెళ్లికి ముందు మా రూములో ఎనిమిది మందికి నేనే వండేవాణ్ణి! నా చేతి వంట తిన్నవాడు మెస్సు మొహం చూడలేదు!"

షామియానా కింద చప్పట్లు మోగాయి. పిన్ని మాత్రం కొట్టలేదు.

"అలాగా! మన ఇంట్లో ముగ్గురమేగా. సోమవారం నుంచి నేను క్లాసుకి, మీరు వంటకి."

బాబాయి ఏదో అనబోయి నోరు తెరిచాడు. పిన్ని అందులో ఆయన వండిన కిచిడీయే ఒక ముద్ద పెట్టింది.