లిఫ్టులో చిన్న చప్పుడు

ఆ ఉదయం టీచరమ్మ పెట్టుకున్న కార్యక్రమం ఒక్కటే: నీళ్లలో వెల్లకిలా పడి తేలడం. అందుకోసమే దేశం దాటి వచ్చింది. ఆమెకు ఆరో నెల. నడుము తనది కాకుండా పోయి చాలా రోజులైంది. ఇంటి దగ్గర పక్కింటావిడ మొదలు స్కూలు గుమస్తా దాకా అందరూ ఆమె పొట్టతోనే నేరుగా మాట్లాడుతున్నారు. ఆ పొట్ట వెనక మనిషి ఉందన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. నీళ్లలో బరువు తెలియదని డాక్టరమ్మ అనగానే, బిడ్డ పుట్టేలోగా ఎవరూ పలకరించని చోట నాలుగు రోజులు తేలి రావాలని ఆమె తీర్మానించింది.

భర్త కాదనలేదు. ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. బంధువుల ఇంటికి వెళ్తే వాళ్ల కంటే ముందు వాళ్ల లిఫ్టును పలకరించే రకం. అందుకే విమానం ఎక్కకముందే ఆమె మాట తీసుకుంది. "అక్కడ లిఫ్టు ఎక్కుతాం, దిగుతాం. అంతే. చెవి పెట్టడం, తట్టి చూడటం, తలూపడం ఏవీ ఉండకూడదు."

"నీ మీద ఒట్టు," అన్నాడాయన.

"నా మీద కాదు, మీ ఆఫీసు గుర్తింపు కార్డు మీద వేయండి."

ఆయన కాస్త ఆలోచించి మరీ వేశాడు. ఆ కార్డును ఇంట్లోనే వదిలి రమ్మని చెప్పకపోవడమే ఆమె చేసిన పొరపాటు.

హోటల్లో వాళ్లది తొమ్మిదో అంతస్తు. స్విమ్మింగ్ పూల్ కింద ఉంది. "నా జడపిన్ను నిన్న సాయంత్రం నుంచి కనపడట్లేదు. మీరే ఎక్కడో పడేసుంటారు," అంది టీచరమ్మ, జుట్టు రబ్బరు బ్యాండులో బిగిస్తూ.

"నేను పిన్నులు పెట్టుకుంటానా?"

"పెట్టుకునేవాళ్లయితే జాగ్రత్తగా ఉండేవాళ్లు."

లిఫ్టు కిందికి దిగుతుండగా ఆయన తల మెల్లగా ఒక పక్కకు వాలింది.

"ఏమిటది?"

"ఏం లేదు. మెడ పట్టింది."

"పట్టిన మెడ తలుపు వైపుకే తిరుగుతుందా?"

"నీకు వినిపించట్లేదూ? తలుపు మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటోంది."

"నాకు నీళ్లు తప్ప ఇంకేం వినిపించట్లేదు. పదండి."

తీరా పూల్ దగ్గరికి వెళ్తే, నెత్తికి టోపీ లేనిదే దిగనివ్వమన్నారు. టోపీ గదిలో ఉండిపోయింది. "నేను తెస్తానులే," అన్నాడు ఇన్‌స్పెక్టరు, అక్కర్లేనంత హుషారుగా.

"మీరు లిఫ్టెక్కితే సాయంత్రానికి గానీ దిగరు. ఇక్కడే కూర్చోండి," అని ఆమే వెళ్లింది.

ఆయన కూర్చోలేదు. రిసెప్షన్ అమ్మాయి దగ్గరికి వెళ్లి, లిఫ్టులో చిన్న చప్పుడు వస్తోందని చెప్పాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి వెళ్లింది, కార్డు బయటికొచ్చింది. దాని మీద ఉన్న అక్షరం ముక్క ఆ అమ్మాయికి అర్థం కాలేదు గానీ ముద్ర అర్థమైంది, నవ్వు లేని ఫోటో అంతకంటే బాగా అర్థమైంది. ఇది చెప్పకుండా వచ్చిన తనిఖీ అనుకుని ఆమె మేనేజర్‌ను పిలిచింది. మేనేజరు పరుగున వచ్చాడు.

"రెండు లిఫ్టులూ ఆపించేశాను సార్!"

"రెండోది బాగానే ఉందండీ."

తనను పరీక్షిస్తున్నాడనుకున్నాడు మేనేజరు. "మా దగ్గర అలాంటి నిర్లక్ష్యం ఉండదు సార్!" అంటూ కుర్చీ వేయించి, చల్లటి జ్యూస్ తెప్పించాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఈయన్ని చూసి పరుగెత్తినవాళ్లు ఉన్నారు గానీ, వాళ్లంతా అవతలి వైపుకే పరుగెత్తారు. అందువల్ల గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయనకు నిజం చెప్పబుద్ధి కాలేదు.

ఇంతలో ఫోన్ మోగింది.

"ఏమండీ, లిఫ్టు రావట్లేదు."

"రాదు. నేనే ఆపించాను."

"నన్ను పైన పెట్టి ఆపించారా?"

"నీ క్షేమం కోసమే..."

"నా క్షేమానికి టోపీ పెట్టుకుని తొమ్మిదో అంతస్తులో నిలబడాలా? ఇదేనా విశ్రాంతి? ఇంత దూరం తీసుకొచ్చింది నన్ను అటక మీద పెట్టడానికా?"

ఇక దాచలేక, పైన ఉన్నది తన భార్య అనీ, ఆరో నెల అనీ ఆయన మేనేజర్‌కు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు భార్య, అందులోనూ కడుపుతో! మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. క్షణాల్లో నలుగురు మనుషులు ఒక దిండ్ల కుర్చీతో మెట్ల మీద బయల్దేరారు. హోటలు పిలిపించిన ముసలి డాక్టరు బ్యాగు పట్టుకుని వాళ్ల వెనక నడిచాడు.

తలుపు తీసిన టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది. "కుర్చీలో మోసుకెళ్తారా? నేనేమైనా బీరువానా? నా కాళ్లు నాకున్నాయి!" అని అరిచింది. కానీ వాళ్లకు బదులు చెప్పే ఊపిరి లేదు. డాక్టరైతే గోడకు జారబడి కళ్లు తేలేశాడు. క్లాసులో పిల్లలు సొమ్మసిల్లితే ఏం చేయాలో తెలిసిన మనిషి కాబట్టి, ఆమె ఆయన్ను కుర్చీలోకి చేర్పించి, నీళ్లు తాగించి, మొహం మీద తడి తువ్వాలు కప్పింది. "ముందు ఈయన్ని కిందికి తీసుకెళ్లండి. మెల్లగా! వంచకండి!"

కింద లాబీలో, తువ్వాలు కప్పిన మనిషితో కుర్చీ దిగడం చూసి ఇన్‌స్పెక్టరు పరుగున వెళ్లి తువ్వాలు తొలగించాడు. మీసాలు కనిపించాయి.

"మరి మా ఆవిడ?"

మోసుకొచ్చిన నలుగురూ కలిసి వేళ్లు పైకి చూపించారు.

ఆయన ఆ మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. తొమ్మిదో అంతస్తులో గది తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఎవరూ లేరు. పై నుంచి నీళ్ల చప్పుడు వినిపించింది. ఇంకొక్క అంతస్తు ఎక్కితే డాబా. అక్కడ, ఖరీదైన సూట్ గదుల్లో దిగినవాళ్ల కోసం కట్టిన చిన్న పూల్. లిఫ్టు లేదని అలిగి ఆ సూట్‌వాళ్లు పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. ఖాళీ పూల్‌లో, నెత్తిన టోపీతో, టీచరమ్మ వెల్లకిలా తేలుతోంది.

"నువ్వు... ఇక్కడా..." అని ఆయన కూలబడ్డాడు.

"గట్టిగా మాట్లాడకండి. ఇన్నాళ్లకు నా నడుము నా దగ్గరికొచ్చింది. ఇంత ఎత్తు ఎక్కి సలహా ఇచ్చే ఓపిక ఎవరికీ లేదు."

ఫోన్ మోగింది. మేనేజరు. ఇన్‌స్పెక్టరు విని పెట్టేసి, మొహం వెలిగిపోతుండగా చెప్పాడు. "చూశావా, నా చెవి నిజమే చెప్పింది! తలుపు గాడిలో ఎవరిదో జడపిన్ను ఇరుక్కుందట. తీసేశారు. లిఫ్టు బాగైపోయింది."

ఆమె చెయ్యి టోపీ మీదికి వెళ్లి, చప్పున నీళ్లలోకి దిగిపోయింది. కాసేపటికి చాలా మెత్తగా అడిగింది, "అయితే ఆ సూట్‌వాళ్లు..."

"తిరిగొచ్చేస్తున్నారట."

ఆమె కళ్లు మూసుకుంది. "ఏమండీ, నాకింకా ఆ టిక్కు వినిపిస్తోంది."

"ఇక్కడికా?"

"మీకు వినిపించట్లేదూ?"

ఆయన ఆమె మొహం కేసి చూశాడు. ఆర్నెల్లుగా నుదుటి మీద కాపురం పెట్టిన ముడత కనిపించలేదు. ఇన్‌స్పెక్టరు తల మెల్లగా ఒక పక్కకు వంచి, సర్వీసులో మొదటిసారిగా, లేని చప్పుడు విన్నాడు.