కండువా వేసిన సీటు

పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో పుల్లమ్మ మొగుడి పేరు ఒక్కసారి కూడా పలకలేదు. ఓటర్ల జాబితావాళ్లు అడిగినా పక్కింటి సోమక్కను పిలిచి చెప్పించేది. మైదుకూరులో బట్టల అంగడి నడిపే నాగసుబ్బయ్య ఆ సంగతి నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాడు.

మెదడుకు రక్తం సరిగా అందక ఆమెకు ఏడాదిగా మతిమరుపు. కట్టుకున్నవాణ్ణే ఎవరని అడుగుతోంది. కర్నూలులో ఒక కుర్ర డాక్టరు తలకు ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చి, దాంతోపాటు మెదడును తట్టిలేపే యంత్రం కూడా పెడతాడని విని, 2007 ఎండాకాలంలో అంగడికి తాళం వేసి ఆమెను తీసుకుపోయాడు.

మొదటిరోజు పరీక్షలో మొగుడి పేరు అడిగితే పుల్లమ్మ కొంగు సర్దుకుని తల దించుకుంది. డాక్టరు సున్నా వేశాడు. అది అలవాటా, మరుపా? నాగసుబ్బయ్యకు అన్నం సహించలేదు. ఆమె నోట తన పేరు ఒక్కసారి వింటే చాలనిపించింది.

అందుకొక ఉపాయం పన్నాడు. ఆమెకు వినబడేలా తనను పేరుపెట్టి పిలవమని ఆసుపత్రి ముందు టీ కొట్టు ఈరప్పను బతిమాలాడు. నాలుగు రోజుల్లో ఆటోవాళ్లు, పూలమ్మే ఆమె, చివరికి నర్సు కూడా అదే కేక. బనగానపల్లె నుంచి మామిడికాయలు తెచ్చిన మరో నాగసుబ్బయ్య, తన పేరు పెట్టి పిలిచి, తిరిగి చూస్తే పలకరించనివాళ్లెవరని గంప దించి తగాదాకు దిగాడు. వీధంతా పలికిన పేరు పుల్లమ్మ మాత్రం పలకలేదు.

పదోరోజు తలనిండా సూదులతో కూర్చున్న ఆమెను డాక్టరు మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ తల దించింది. నాగసుబ్బయ్య ఆగలేక చెవిలో పేరు అందించాడు. పుల్లమ్మ ఆయన వైపు తిరిగి గుర్రుమంది.

"తెలీక కాదప్పా. నేను పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతాది. ఊరందరితో పిలిపిస్తాండేది నువ్వేనంట గదా. మా ఇంటాయనకు ఏమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా?"

నాగసుబ్బయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరుకు సంగతి విడమరిచి చెప్పి, వేసిన సున్నాను కొట్టేయించాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మీ ఇంటాయన అంత మంచోడా?"

"యాడ మంచోడు? గురక పెడతాడు. వండిందానికల్లా వంక పెడతాడు. ఆయన లేకుంటే నాకు పొద్దుపోదు."

"ఇప్పుడు యాడుండాడు?"

"వస్తాడు."

తిరుగు ప్రయాణంలో మైదుకూరు బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీ పక్క సీటు దొరకగానే పుల్లమ్మ, నాగసుబ్బయ్య భుజం మీది కండువా లాగి పక్క సీటులో పరిచింది. ఆయన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈడ మా ఇంటాయన కూచోవల్ల. నువ్వు ఇంకో తావు చూసుకోప్పా."

ఖాళీ సీటు పెట్టుకుని ఎందుకు నిలబడ్డావని కండక్టరు గదమాయించాడు. నాగసుబ్బయ్య రెండు టిక్కెట్లు చూపించి, పైనున్న కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ మనిషి ఎక్కేదాకా నిలబడతాలేప్పా," అన్నాడు. "నేనూ ఆయన కోసమే చూస్తాండా."