కవరు తీసిన టీవీ

ఆ రోజు లక్ష్మీదుర్గ వేసుకున్న పథకం చాలా చిన్నది. అలేఖ్యకు నీళ్ళు పోసి, టీవీ పెట్టి, అన్నం తినిపించి, పిల్ల పడుకున్నాక స్థిమితంగా కూర్చుని, ఆ టీవీకి ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనాలా వద్దా అని తేల్చుకోవాలి. కొన్నప్పుడు కంపెనీ ఇచ్చిన వారంటీ ఆ సాయంత్రంతో ముగిసిపోతోంది.

తేల్చాల్సిన మొగుడు శ్రీను సముద్రం మీద ఉన్నాడు. గిలకలదిండి రేవు నుంచి బోటు మీద చేపల వేటకు బయల్దేరేముందు అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాటకు అర్థం, ఏం చేసినా తప్పు నీదే అని.

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించేయడం వల్ల దుర్గ వారంటీ కాగితం మీది ఇంగ్లీషును కూడబలుక్కుని చదవగలదు గానీ, అందులో మెలిక ఎక్కడుందో పట్టుకోలేదు. అసలు ఆమె భయం టీవీ గురించి కాదు. మూడేళ్ళ అలేఖ్య టీవీలో ఏనుగుపిల్ల కనిపిస్తేనే నోరు తెరుస్తుంది. టీవీ పోతే ముద్ద దిగదు. ముద్ద దిగకపోతే పిల్ల... అక్కడి నుంచి దుర్గ ఆలోచన నేరుగా బందరు పెద్దాసుపత్రికి వెళ్ళి సెలైన్ సీసా దగ్గర ఆగుతుంది.

పిల్లకు నీళ్ళు పోస్తుండగా టీవీ కొన్న షాపు నుంచి నితిన్ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఇవాళే ఆఖరు. సాయంత్రం నేనొచ్చి టీవీ ఆన్ చేసి ఫొటో తీసుకుంటానండీ. బొమ్మ బాగుంటేనే వారంటీ ఇస్తాం."

"కవరు మీద నుంచి తీసినా పర్లేదాండీ?"

"ఏం కవరండీ?"

"దాంతోపాటు వచ్చింది కదండీ, అదే."

"ఏడాది నుంచీ ప్యాకింగ్ కవరు తియ్యకుండా ఆడిస్తున్నారా మేడమ్? వేడెక్కి పోతుందండీ! అలా పోతే ఏ వారంటీ రాదు."

ఆ కవరు దుర్గ అత్తగారు కోటమ్మది. టీవీ ఇంటికొచ్చిన రోజు షాపువాళ్ళు కవరు తీయబోతే ఆవిడ అడ్డం నిలబడింది. "ఈ ఉప్పుగాలికి సైకిలు రిమ్మే ఆగట్లేదు, ఇదాగుద్దా?" అంది. అప్పటి నుంచి పొయ్యి పొగ, అలేఖ్య పెరుగన్నం చేతులు పట్టి, ఆ కవరులోంచి బొమ్మలు గంజిలో మునిగినట్టు కనిపించేవి.

కోటమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని బజారుకు వెళ్ళింది. ఆవిడ వచ్చేలోగా కవరు జాగ్రత్తగా విప్పి, ఫొటో అయ్యాక మళ్ళీ తొడిగేద్దామనుకుంది దుర్గ. వేడికి ప్లాస్టిక్ టీవీకి అతుక్కుపోయి ఉంది. మెల్లగా లాగితే రాలేదు. గట్టిగా లాగితే నాలుగు ముక్కలుగా వచ్చింది.

టీవీ మాత్రం తళతళలాడింది. దుర్గ స్విచ్చి నొక్కి, పప్పన్నం ముద్ద పట్టుకుని కూర్చుంది. తెర మీదికి ఏనుగుపిల్ల వచ్చింది. ముదురు నీలం రంగులో ఉంది.

అలేఖ్య దాని వంక చూసింది. తల్లి వంక చూసింది. "ఇది కాదు! నా తెల్లేనుగేదీ?" అని ఇల్లెగిరిపోయేలా ఏడుపు ఎత్తుకుంది.

"ఇదేనమ్మా, నీ ఏనుగే. నీళ్ళోసుకుని వచ్చింది."

పిల్ల పళ్ళు బిగించేసింది. దుర్గ చిరిగిన కవరు ముక్కను తెర మీద అదిమి పట్టుకుంది. తొండం తెల్లబడింది గానీ మిగతా ఏనుగు నీలంగానే ఉండేసరికి పిల్ల ఇంకా జడుసుకుంది. గిన్నెలో అన్నం చల్లారిపోయింది. దుర్గ నేల మీద కూలబడి తనూ ఏడవడం మొదలుపెట్టింది.

అప్పుడే కోటమ్మ వచ్చింది. గంప దించకుండానే కవరు ముక్కలు చూసింది.

"అయ్యో అయ్యో! నా కొడుకు కష్టం గాల్లో కలిసిపోయిందే!" అని గుమ్మంలోనే చతికిలబడి గుండెలు బాదుకుంది.

ఎదురింటి రాజకుమారి ఈ దృశ్యాన్ని గోడ మీద నుంచి చూసింది. మగవాళ్ళు వేటకు వెళ్ళిన ఇంట్లో ఆడవాళ్ళు ఏడుస్తుంటే, ఆ వీధిలో ఎందుకని అడగరు. అడిగి ఆ మాట వాళ్ళ నోటితో చెప్పించడం పాపం. వెళ్ళి పక్కన కూర్చుని కలిసి ఏడవాలంతే. రాజకుమారి పొయ్యి ఆర్పి, కొంగు నోట్లో కుక్కుకుని వచ్చేసింది.

పొరుగింటి టీవీ గురించి ఇంతగా బాధపడుతుందనుకోలేదు దుర్గ. కిందటేడు ఆవిడ టీవీ వారంటీ అయిన వారానికే పోయింది కనుక ఆ కష్టం తెలుసు కాబోలు అనుకుంది.

"ఫోనొచ్చిందా అమ్మాయ్?" అంది రాజకుమారి.

"పొద్దున్నే వచ్చిందక్కా."

"ఏమన్నా ఆశ ఉందంటా?"

"సాయంత్రం దాకానే అక్కా. ఆ తర్వాత వాళ్ళకేం సంబంధం లేదన్నారు."

"అంతేనే తల్లీ, ఎవురూ పట్టించుకోరు," అని రాజకుమారి ఘొల్లుమంది.

ఆ ఏడుపుకి వీధి వీధంతా కదిలింది. వచ్చినవాళ్ళు ఏమీ అడగకుండా చెప్పులు విప్పి కూర్చున్నారు. శ్రీను వెళ్ళిన బోటు ఓనరు బాబూరావు పరుగున వచ్చి, గుమ్మంలో జనాన్ని చూసి, అట్నుంచటే వెనక్కి తిరిగి వైర్‌లెస్ సెట్టు దగ్గరికి పరిగెత్తాడు. శ్రీను బోటు పలకలేదు. తెల్లవార్లూ వలలు లాగి అందరూ ఆదమరిచి పడుకున్నారు మరి. దాంతో చుట్టుపక్కల ఉన్న బోట్లన్నీ వలలు సగంలో ఎత్తేసి ఆ బోటును వెతకడానికి బయల్దేరాయి.

ఇక్కడ ఇంట్లో అలేఖ్య ఏడుపు ఆపేసింది. ఇంతమంది పెద్దవాళ్ళు ఒక్కసారిగా ముక్కులు చీదుకుంటూ ఊగుతుంటే ఎవరిని చూడాలో తెలియక నోరు తెరిచి ఉండిపోయింది. తెరిచిన నోరు కనిపించగానే దుర్గ చెయ్యి దానంతటదే వెళ్ళి ముద్ద పెట్టింది. పిల్ల మింగింది. కోటమ్మ గుండెలు బాదుకుంటే ఒక ముద్ద, రాజకుమారి తల కొట్టుకుంటే ఒక ముద్ద చొప్పున గిన్నె ఖాళీ అయింది. ఏడాదిగా ఎరగని ఆ ఖాళీ గిన్నెను చూసి దుర్గ సంతోషం పట్టలేక భోరున ఏడ్చింది. అందరికీ కడుపు తరుక్కుపోయింది.

సాయంత్రం నితిన్ ఫారాలు పట్టుకుని వచ్చాడు. జనాన్ని చూసి ఆగిపోయాడు. ఎవరో చెవిలో ఏదో చెప్పారు. ఫారాలు మడిచి జేబులో పెట్టుకుని దుర్గ దగ్గరికి వచ్చాడు.

"సారీ మేడమ్, నాకు తెలీదండీ. మనిషే లేనప్పుడు ఇంక టీవీకి వారంటీ ఏంటండీ," అని చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

దుర్గ రాజకుమారి వైపు తిరిగింది. "ఎవరు పోయారక్కా?"

రాజకుమారి ముక్కు తుడుచుకుని వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "అదేంటే, మీ ఆయనే గదా?"

ఖాళీ గిన్నె దుర్గ చేతిలోంచి జారిపోయింది. కవరు సంగతి, తెల్లేనుగు సంగతి చెప్పబోయి ఆగింది. తాను ఏడ్చింది కవరుకే. కానీ ఇంతమంది పెద్దవాళ్ళు ఊరికే ఏడుస్తారా? తనకు తెలియనిది వీళ్ళకు తెలిసి ఉంటుంది. బడికి వెళ్ళినప్పుడూ అంతే, అందరికీ అర్థమైనది తనకే ఆఖర్న అర్థమయ్యేది. అప్పటి దాకా కవరు కోసం ఏడ్చిన కోటమ్మ కూడా ఆ మాట విని కెవ్వుమంది. అప్పుడు ఆ అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపుకి, అంతసేపూ ఏడుస్తున్నవాళ్ళు కూడా ఊరుకుండిపోయారు.

దీపాల వేళకు శ్రీను నడుచుకుంటూ వచ్చాడు. వెనక బాబూరావు, ఆయన వెనక సగం వేటతో తిరిగొచ్చిన బోట్లవాళ్ళు ఉన్నారు.

"ఎవురే నేను పోయానంది?" అన్నాడు శ్రీను.

దుర్గ అతని కాళ్ళు చుట్టేసుకుంది. "కవరు చిరిగిందయ్యా," అంది.

బాబూరావు అరుగు మీద కూర్చుండిపోయాడు. "కవరు కోసమా అమ్మా బోట్లన్నీ వెనక్కి తెప్పించావు?"

"నేను తెప్పించలేదు బాబాయ్. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు."

శ్రీను లోపలికి వెళ్ళి టీవీ చూసి వచ్చాడు. "బానే ఉందిగా. ఇంతకీ వారంటీ తీసుకున్నావా లేదా?"

"నువ్వు లేవని చెప్పి వాళ్ళే వెళ్ళిపోయారు."

మర్నాడు పొద్దున్న దుర్గ టీవీ పెట్టింది. నీలం ఏనుగుపిల్ల స్పష్టంగా గెంతుతోంది. అలేఖ్య దానికి వీపు పెట్టి, వీధి గుమ్మం వైపు తిరిగి కూర్చుని, పళ్ళు బిగించింది. దుర్గ వెళ్ళి, వచ్చి కాసేపు ఏడవమని రాజకుమారిని బతిమాలింది. ఆవిడ మొగుడి వేట కూడా సగంలో ఆగిపోయింది కనుక తలుపు తీయలేదు.

అందుచేత ఇప్పుడు కోటమ్మ రెండు పూటలా గుమ్మంలో కూర్చుని గుండెలు బాదుకుంటోంది. ఆవిడకీ డెబ్బై దగ్గర పడ్డాయి, ఎన్నాళ్ళు పనిచేస్తుందో అని దుర్గకు బెంగ.