మా ఆవిడ చేసిన నా ఎక్సర్‌సైజు

మోచేతికి ఆపరేషన్ కాని మగవాడి బతుకు కూడా ఒక బతుకేనా అని అడుగుతున్నాను! మీకు ఇల్లుండొచ్చు, స్కూటరుండొచ్చు, ఓటు హక్కుండొచ్చు. కానీ కుడిచేతికి కట్టు లేదు. కట్టు లేని మనిషిని నర్సీపట్నంలో ఎవరు పట్టించుకుంటారు చెప్పండి?

నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. బోర్డు మీద రాసీ రాసీ కుడి మోచెయ్యి పాడైందని ఊరందరికీ చెప్పాను. నిజానికి పైవరసలో లెక్క ఒక్కటే నాది, మిగతా బోర్డంతా రాసేది పిల్లలు. నా చెయ్యి అరిగిందంటే అది సెల్‌ఫోను పట్టుకునే అరిగుంటుంది.

విశాఖలో డాక్టరు గారు నొక్కి చూశారు. కండను ఎముకకు అంటిపెట్టి ఉంచే తాడులాంటిది ఒకటుంటుందట, దాన్ని వాళ్లు టెండాన్ అంటారట, నాకది చివికిపోయిందట. జబ్బు పేరు టెన్నిస్ ఎల్బో! నా జన్మలో టెన్నిస్ బ్యాటు ముట్టుకోలేదు. అయినా ఆ పేరు వినగానే సగం నొప్పి తీసేసినట్టు పోయింది. మా స్టాఫ్‌రూములో మిగతావాళ్లవి ఏం జబ్బులండీ? గ్యాసు, షుగరు, నడుంనొప్పి. పైకి చెప్పుకోడానికే సిగ్గుచేటు.

డాక్టరు గారిలో ఒకటే లోపం. ముందు ఎక్సర్‌సైజు చెయ్యండి అన్నారు. బల్ల మీద చెయ్యి ఆనించి, నీళ్ల సీసా పట్టుకుని, మణికట్టును మెల్లగా దించడం, ఎత్తడం. చేసి కూడా చూపించారు. ఎమ్మెస్సీ చదివినవాడు సీసాలెత్తుకుంటూ కూర్చుంటాడా? మాత్రలు మింగాను, బెల్టు కట్టాను, ఇంజక్షన్లు పొడిపించుకున్నాను. ఏ ఒక్కదానికీ నొప్పి లొంగలేదు. ఆఖరికి దసరా ముందు ఆపరేషన్ చేయించుకుని, చెయ్యి మెడలో వేలాడేసుకుని ఊళ్లో దిగాను.

అప్పుడు తెలిసింది నా విలువ! పలకరించడానికి రానివాడు పాపాత్ముడు. ఆపిల్ పళ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు గుట్టపడ్డాయి. మొదటి రోజు చెప్పినప్పుడు అరగంటలో అయిపోయిన ఆపరేషన్, విజయదశమి నాటికి నాలుగు గంటలు పట్టింది. మధ్యలో కరెంటు కూడా పోయింది.

కోటవురట్ల నుంచి సింహాద్రమ్మ పిన్ని వచ్చి మంచం పక్కన కూర్చుంది. "పప్పు ముట్టుకోకు బాబూ, సీము పడతాది. సెయ్యి కదపకు," అంది. నేను ఏదీ కదపలేదు. అన్నం కూడా మా ఆవిడ వరహాలక్ష్మే కలిపి పెట్టేది. చొక్కా తొడిగేది, వచ్చినవాళ్లందరికీ కాఫీలు పెట్టేది. ఒక్కోసారి గిన్నె దించి, తన కుడి మోచెయ్యి ఒత్తుకుంటూ గుమ్మంలో నిలబడేది. నా మీద బెంగ కాబోలనుకున్నాను.

కుట్లు విప్పాక ఫిజియోథెరపీ అమ్మాయి రోజారమణి వచ్చింది. మళ్లీ అదే సీసా! "చెయ్యి ఇప్పుడు చాపకపోతే ఇలాగే బిగుసుకుపోతాది సార్. తర్వాత బోర్డు పైవరసకి అందదు," అంది. మర్నాడు పొద్దున్నే సీసా పట్టుకున్నాను. నొప్పికి చుక్కలు కనపడ్డాయి. అంతలో పక్కింటి రాజుబాబు గుమ్మంలోకి వచ్చాడు. "లెగకండి మాస్టారూ, లెగకండి," అన్నాడు. పెద్దమనిషి అంతగా బతిమాలుతుంటే కాదనడం మర్యాదా? వెంటనే పడుకున్నాను.

ఇలా సీసా పట్టుకోవడం, ఎవరో రావడం, నేను పడుకోవడం. ఎవరూ రాని పూట, వస్తారేమోనని ముందే పడుకునేవాణ్ని.

ఇంతలో అట్లతద్ది వచ్చింది. వరహాలక్ష్మి పొద్దుట్నుంచి పచ్చిమంచినీళ్లు ముట్టకుండా, చంద్రుడొచ్చేదాకా పస్తు ఉంది, నేను చల్లగా ఉండాలని. అట్లు తింటుంటే నాకు బుర్రలో దీపం వెలిగింది. శ్రావణ శుక్రవారాలు ఈవిడే చేస్తుంది, అట్లతద్ది ఈవిడే చేస్తుంది, కార్తీక సోమవారాలు ఈవిడే ఉంటుంది. ఫలం మాత్రం ఎక్కడా తొణక్కుండా నాకు చేరుతోంది. అలాంటప్పుడు ఒక్క సీసా ఏం పాపం చేసింది?

"లక్ష్మీ, ఆ ఎక్సర్‌సైజు కూడా నా పేరు చెప్పుకుని నువ్వే చేసెయ్యరాదూ," అన్నాను.

ఆవిడ నా వంక అదోలా చూసింది. మర్నాటి నుంచి వంటింటి అరుగు మీద చెయ్యి ఆనించి, సీసా దించడం, ఎత్తడం మొదలుపెట్టింది. నేను మంచం మీంచి లెక్క తప్పకుండా చూసుకునేవాణ్ని. ఎంతైనా నా ఎక్సర్‌సైజు కదా!

కార్తీకంలో డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. చెయ్యి చాపమన్నారు. చాపాను. సగంలో ఆగిపోయింది. ఎంత తన్నుకున్నా అక్కడే ఉంది. బోర్డు పైవరస కళ్ల ముందు కదిలింది. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చేసింది.

"అలా కాదండీ, ఇలాగ," అంటూ వరహాలక్ష్మి తన చెయ్యి బద్దలా చాపింది. అదే చేత్తో నేల మీది సంచీ ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

డాక్టరు గారు ఆవిడ చేతి వంక చూశారు. "మీకూ నొప్పి ఉండేదామ్మా?" అన్నారు.

"ఉండేదండి. ఈయనకన్నా ముందునుంచీ ఉంది. ఈ సీసా ఎత్తడం మొదలెట్టాక బేగి తగ్గిపోనాది."

ఆయన నా వైపు తిరిగి, "మొదటి రోజు మీకు చెప్పింది ఇదే మాస్టారూ. అప్పుడే చేసుంటే మీకు కోత పడేది కాదేమో," అన్నారు. ఇప్పటికైనా వదలకుండా చేస్తే చెయ్యి చాలావరకు వస్తుందని ధైర్యం చెప్పారు.

బస్సులో అడిగాను, నొప్పి ఉందని నాకెందుకు చెప్పలేదని.

"మీ నొప్పి ఇనడానికొచ్చినోళ్లకి కాఫీలు కలపడంతోనే సరిపోయేది. నాకేటి కాళీ ఉందండీ," అంది కిటికీలోంచి చూస్తూ. ఇటు తిరిగి, "రేపు సోమవారం ఉపాసం మీరుండండి, నా పేరు సెప్పుకుని. ఫలం నాకొస్తాదో రాదో సూద్దారి," అంది.

ఉన్నాను. పొద్దుట్నుంచి పేగులు అరుస్తున్నాయి. రాజుబాబు వచ్చి, లెగకండి మాస్టారూ అన్నాడు. లోపల్నుంచి వరహాలక్ష్మి, "లెగనియ్యి రాజుబాబూ, ఆయనకి ఇంకా సీసా పనుంది," అంది. ఆవిడ కంచంలో వేడన్నం, దాని మీద పప్పు. ఘుమఘుమలాడుతోంది.

వీధరుగు మీద కూర్చుని, ఒక కన్ను సీసా మీదా ఇంకో కన్ను ఆకాశం మీదా పెట్టి, చుక్క ఎప్పుడు పొడుస్తుందా అని చూస్తున్నాను. నా ఉపవాస ఫలం ఆవిడకు చేరితీరాలని మనసారా దణ్ణం పెట్టుకుంటున్నాను. చేరదంటారా? సీసా ఫలంలాగే ఇదీ చేసినవాళ్ల దగ్గరే ఉండిపోతుందంటారా? అయితే ఇన్నేళ్లూ ఆవిడ నాకోసం మాడ్చుకున్న కడుపు మాటేమిటండీ?